సురేష్ పేరున లూదియా లెక్కలు

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్లు దాటి నంద్యాల దిక్కు నడిస్తే, రోడ్డుకు ఎడమ పక్కన 'సురేష్ మోటార్ వైండింగ్ వర్క్స్' అని ఒక బోర్డు కనిపిస్తుంది. బోర్డు మీదున్న సురేష్‌కు వైండింగ్ రాదు. ఆ సంగతి ఆయన ఎన్నడూ దాచలేదు; ఎవరూ అడగలేదు, అంతే. ఆయన పని బోరుబావుల్లోంచి పైపులు లాగి మోటార్లు పైకి తీయడం. చైను పుల్లీ, మూడు కాళ్ల ఇనుప స్టాండు, ఒక పాత జీపు ఆయన సరంజామా. పైకి తీసిన మోటారు కాలిపోయి ఉంటే దాన్ని విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, మళ్ళీ తిరిగేలా చేసేది ఆయన భార్య లూదియా.

పన్నెండేళ్ల కింద షాపు పెట్టినప్పుడు మెకానిక్కుల సంఘంలో చేరడానికి నంద్యాల పోయింది సురేష్. జేబులో తన ఆధార్ కార్డే ఉంది కాబట్టి దాన్నే ఇచ్చి వచ్చాడు. మెంబర్ నంబర్ ఎనభై ఏడు. అందులో కుట్ర ఏమీ లేదు. ఆ రోజు లూదియా రెండు మోటార్లు విప్పుకుని కూర్చునుంది, లేవడానికి వీలుకాలేదు.

మోటారు లోపల గుండ్రంగా గాడులుంటాయి, స్లాట్లంటారు. ఒక్కో స్లాటులో ఎన్ని చుట్లు తీగ పడాలి, ఆ తీగ ఎంత లావుండాలి అన్నదే ఈ పనికి ప్రాణం. చుట్లు తగ్గితే మోటారు కరెంటు ఎక్కువ లాగి కాలిపోతుంది. పెరిగితే తిరుగుతుంది గానీ నీళ్లు పైకి రావు. కంపెనీలు ఆ లెక్క బయటపెట్టవు. అందుకే ప్రతి మెకానిక్కూ తాను చుట్టిన మోటార్ల లెక్కలన్నీ ఒక నోటుబుక్కులో రాసుకుంటాడు. పెళ్లాం నగలు తాకట్టుకు పోయినా ఊరుకుంటాడు గానీ ఆ బుక్కు మీద చెయ్యి పడితే ఊరుకోడు.

లూదియా ఈ పని నేర్చుకుంది నంద్యాలలో, నరసింహులు మేస్త్రీ షాపులో. నేర్చుకుంది అనడమే గానీ ఆయన నేర్పింది లేదు. పద్నాలుగేళ్ల పిల్లను కాయిళ్లు చుట్టే పనికి పెట్టుకున్నాడు. చెక్క అచ్చు మీద తీగ చుట్టి కట్ట కట్టి ఇవ్వడం, మేస్త్రీ పిల్లలకు టిఫిను తెచ్చివ్వడం ఆమె ఉద్యోగం. ఒక రోజు మేస్త్రీ ప్యాపిలికి పెళ్లికి పోయాడు. రైతు వచ్చి పైరు ఎండుతోందని గోల పెట్టాడు. లూదియా ధైర్యం చేసి మేస్త్రీ బుక్కు తెరిచి, అందులో ఉన్న లెక్క ప్రకారం చుట్టి, మోటారు బిగించింది. స్విచ్చి వేసిన పావుగంటకు షాపంతా పొగ.

మేస్త్రీ తిరిగి వచ్చి తిట్టలేదు. నవ్వాడు. ఆ నవ్వే ఆమెకు తిట్టుకన్నా ఎక్కువ గుర్తుండిపోయింది.

"బుక్కులో వుండేది నిజం లెక్క అనుకుంటివా పాపా? దానికి ఏడు కలపల్ల. ఎవడన్నా ఎత్తకపోతే మోటార్లు కాల్చుకోని సావల్లని అట్ల రాసి పెట్నా."

దానికి 'తాళం' అని పేరు. బుక్కుకు తాళం వేయడమన్నమాట. ఒకడు ఏడు తగ్గించి రాస్తాడు, ఒకడు ఐదు పెంచి రాస్తాడు, ఇంకొకడు సరిసంఖ్యలకు ఒక తాళం, బేసిసంఖ్యలకు ఒక తాళం వేసి తానే మర్చిపోతాడు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ దాకా తాళం లేని బుక్కు ఒక్కటే ఉంది, అది లూదియాది. ఆమెకు లెక్కలు చెప్పడానికి గురువు లేడు. కాలిన ప్రతి మోటారులోంచి మాడిన తీగ బయటికి తీసి, వేళ్లు నల్లబడేలా ఒక్కో చుట్టూ లెక్కపెట్టి రాసుకుంది. ముప్పై ఏళ్లు అలా రాసింది. అబద్ధం రాసుకోవాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. లెక్కపెట్టడానికే పొద్దు చాలేది కాదు.

సంఘానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. నూటా అరవై మంది. పొద్దున ఐదు నుంచి ఎనిమిది దాకా గులాబీలు, దేవుళ్లు, ఏసుప్రభువు, మసీదు మీద నెలవంక, అన్నీ సమానంగా వచ్చేవి. ఎనిమిదింటికి ఎవరో ఒకరు కాలిన మోటారు ఫోటో పెట్టి 'దీని లెక్క ఎవురికన్న తెల్సునా' అని అడిగేవారు. నూటా యాభై తొమ్మిది మంది చూసేవారు. లూదియా బుక్కు తిరగేసి జవాబు రాసేది. ఫోను సురేష్ పేరున ఉంది కాబట్టి జవాబు 'సురేష్, ఆళ్లగడ్డ' అని పోయేది. 'థాంక్స్ సురేషన్నా' అని వచ్చేది. మర్నాడు ఇంకొకరు అదే మోటారు ఫోటో పెట్టి అదే ప్రశ్న అడిగేవారు, ఎందుకంటే నిన్నటి జవాబు గులాబీల కింద పూడిపోయి ఉండేది. ఆమె మళ్లీ రాసేది.

పేరు సంగతి ఆమె చాలా రోజులు పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసింది బనగానపల్లె మెకానిక్కు ఒకాయన. తన చేతకాని పెద్ద మోటారు ఒకటి ఆటోలో వేసుకుని సురేష్ మేస్త్రీని వెతుక్కుంటూ ఆళ్లగడ్డ వచ్చాడు. బల్ల ముందు స్లాట్లలో పేపరు దోపుతున్న లూదియాను చూసి, "మేస్త్రీ యాడమ్మా?" అన్నాడు.

"నేనేనన్నా చుట్టేది. దించు."

ఆయన ఆమెను చూశాడు, మోటారును చూశాడు, ఆటోవాడిని చూశాడు. "మళ్లొస్తాలేమ్మా, మేస్త్రీ వున్నప్పుడు" అని మోటారు దించకుండానే వెనక్కి పోయాడు. ఆ సాయంత్రం గ్రూపులో అదే మోటారు ఫోటో వచ్చింది. లూదియా లెక్క రాసింది. 'నువ్వు దేవుడివి సురేషన్నా' అని జవాబు వచ్చింది, కింద రెండు చేతులు జోడించిన బొమ్మ.

సురేష్ అది చదివి, "నాకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాండాయి మేయ్. పిచ్ ఎంత, గేజు ఎంత అంటాండారు. ఏం చెప్పల్లో తెలీక సస్తాండా" అన్నాడు.

"ఇంగ నా పేరు మీదనే చెప్తాలే" అంది లూదియా. ఆమె కోరిక అంతకన్నా పెద్దది కాదు. తాను చెప్పిన లెక్క కింద తన పేరు ఉండాలి. ఇంత చిన్న కోరిక తీరడానికి ఎంత పెద్ద సభ జరగాలో ఆమెకు అప్పటికి తెలియదు.

సంఘం అధ్యక్షుడు ఆదిశేషయ్య నంద్యాలలో రాగి తీగ వ్యాపారి. మోటారు విప్పడం ఆయన ఎరగడు. విప్పేవాళ్లందరూ తీగ ఆయన దగ్గరే కొంటారు. అధ్యక్షుడు కావడానికి ఆ అర్హత చాలింది. పద్ధెనిమిదేళ్లుగా ఎన్నిక ఏకగ్రీవం. కార్యదర్శి నరేంద్ర మాత్రం డిప్లొమా చదివిన మెకానిక్కు, నలభై దాటనివాడు, కొంచెం బుర్ర పెట్టేవాడు. వాట్సాప్‌లో జవాబులు పూడిపోతున్నాయి, ఇంటర్నెట్లో మనకొక ఫోరం పెట్టుకుందాం అన్నది అతనే. ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ, దాని కింద జవాబులు, పదేళ్ల తర్వాత వెతికినా దొరకాలి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలో తేల్చడానికి ఆదిశేషయ్య కొట్టు మీది హాల్లో సభ పెట్టారు. సురేష్ మెంబరు కాబట్టి ముందు వరుసలో కూర్చున్నాడు. లూదియా వెనక, తీగ చుట్టలు పేర్చిన చోట కూర్చుంది.

నరేంద్ర తన ల్యాప్‌టాప్ గోడకు చూపించాడు. ప్రపంచమంతా వాడే ఫోరం సాఫ్ట్‌వేర్, ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు. తెల్లటి పేజీ, వరసగా ప్రశ్నలు, పక్కన ఎవరు రాశారో పేరు, పైన వెతికే పెట్టె. సరైన జవాబుకు పచ్చగుర్తు పెట్టుకోవచ్చు. చూడటానికి బ్యాంకు పాస్‌బుక్కులా సాదాగా ఉంది.

ఆదిశేషయ్య కళ్లద్దాలు సర్దుకున్నాడు. "దీంట్లో నా ఫోటో యాడొస్తాది?"

"ఫోటో రాదన్నా. మెంబర్లు అడిగే ప్రశ్నలే పైనుంటాయి."

"ప్రశ్నలు పైనుంటే అధ్యక్షుడు యాడుండల్ల?"

"మీరు గూడా ఒక ప్రశ్న అడిగితే మీ పేరు గూడా వస్తాదన్నా."

"నేను ప్రశ్న అడగడమేందప్పా!" అన్నాడు ఆదిశేషయ్య. హాలంతా నవ్వింది, ఆయన నవ్వమన్నట్టే. "సరే, దీనికెంత?"

"సాఫ్ట్‌వేర్ ఊరికే. సర్వరుకు మటుకు ఏడాదికి రొంత కట్టల్ల."

"ఊరికే వచ్చేదాన్ని సంఘానికి తెచ్చి పెడ్తావా? రేపు పొద్దుటూరు సంఘమోళ్లు నవ్వరా?"

ఆ మాటతో నరేంద్ర పని అయిపోయింది. వ్యాపారస్తుడికి ఊరికే దొరికేదంత అనుమానం ఇంకొకటి లేదు. ఆయన కొట్లో గాలి కూడా ఊరికే దొరకదు.

తర్వాత హర్ష అనే యువకుడు లేచాడు. నంద్యాలలోనే వెబ్‌సైట్లు చేసే చిన్న ఆఫీసు అతనిది. అతను మీట నొక్కగానే గోడ మీద తామరపువ్వు విచ్చుకుంది. దాని మధ్యలో ఆదిశేషయ్య. పువ్వు ఒకసారి తిరిగింది, ఆదిశేషయ్య కూడా తిరిగాడు. సన్నాయి మోగింది. 'అధ్యక్షుల వారి సందేశం' అని ఒక బంగారు పట్టీ పాకుతూ పోయింది. ఏ మెంబరు పుట్టినరోజు ఆ రోజు కేకు బొమ్మ వస్తుందన్నాడు. పండగలకు పేజీ రంగు మారుతుందన్నాడు. చప్పట్లు పడ్డాయి. మోటారు అన్న మాట ఆ పేజీలో ఎక్కడా లేదని ఎవరూ గమనించలేదు.

వెనక నుంచి లూదియా లేచింది. "అబ్బీ, ఆ వెతికే పెట్టెలో 'ఏడున్నర హెచ్‌పీ' అని కొట్టి సూపీ రొంత."

హర్ష కొట్టాడు. చక్రం తిరిగింది. తిరిగి తిరిగి, 'ఈ రోజు పుట్టినరోజు జరుపుకుంటున్న సభ్యులు: ఎవరూ లేరు' అని వచ్చింది.

"డెమోలో డేటా లేదు మేడం" అన్నాడు హర్ష.

"లేకుంటే లేదని చెప్పల్ల గదా. పుట్టినరోజులు యాల చెప్తాది?"

"అన్నీ తర్వాత సెట్ చేస్తాం మేడం."

"సరే, ఇంగొకటి. అకౌంటు షాపుకా, మనిషికా?"

"మెంబర్ నంబర్‌కు మేడం. నంబరే లాగిన్."

"నరేంద్రా, నీ దాంట్లో?"

"నా దాంట్లో మనిషికొకటి అక్కా. ఎవురి పేరు మీద వాళ్లు" అన్నాడు నరేంద్ర.

ఆదిశేషయ్య పెద్దమనిషి తరహాలో చెయ్యెత్తాడు. "షాపొకటి, మెంబరొకడు, అకౌంటొకటి. ఒగ ఇంట్లో రెండు అకౌంట్లు ఏమిటికి లూదియమ్మా? రేషన్ కార్డు గూడా ఇంటికి ఒకటే గదా!"

"రేషన్ కార్డులో నా పేరు గూడా వుంటాది సావుకారన్నా."

ఈసారి నవ్వింది ఇద్దరే, నరేంద్ర ఒకడు, సురేష్ ఒకడు. ముందు వరుసలో మొగుడు నవ్వడం చూసి పక్కవాళ్లు అతన్ని జాలిగా చూశారు.

ఆమె కూర్చోలేదు. "ఇంగొక మాట. బుక్కులన్నీ దాంట్లోకి ఎక్కియ్యల్లంటాండారు. ఎక్కించేటప్పుడు తాళాలు తీసి ఎక్కియ్యండి. లేకుంటే మోటార్లు కాల్తాయి."

పక్కపక్కన కూర్చున్న యాభై అరవై మంది మెకానిక్కులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జాగ్రత్తగా గోడ వైపు చూశారు. డెబ్భై ఏళ్ల నరసింహులు మేస్త్రీ, ఆమెకు ఏడు కలపమని చెప్పిన ఆ పెద్దాయనే, మెల్లగా తల తిప్పాడు.

"తాళమా? ఏం తాళం పాపా? నేనెన్నడూ ఇన్లేదే."

"మనోళ్లు అట్లాంటి పనులు చెయ్యరమ్మా" అన్నాడు ఇంకొకడు.

"మోటారు మీద ఒట్టు" అన్నాడు మరొకడు.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలన్నీ మాయం. లూదియా కూర్చుంది. చేతులెత్తమన్నారు. తామరపువ్వుకు యాభై ఒకటి, పాస్‌బుక్కుకు నాలుగు. లూదియా చెయ్యి ఎత్తింది గానీ లెక్కలోకి రాలేదు. ఆమె మెంబరు కాదు.

ఫోరం ఉగాదికి మొదలైంది. ఎవరు ఎక్కువ లెక్కలు ఎక్కిస్తే వాళ్లకు అధ్యక్షుల వారి ఫోటో ఉన్న గోడ గడియారం బహుమతి అన్నారు. అంతే, జనం ఎగబడ్డారు. తాతల నాటి బుక్కులు అటకల మీంచి దిగాయి. నరసింహులు మేస్త్రీ తన మూడు బుక్కులూ కూతురి చేత కొట్టించి గడియారం గెలుచుకున్నాడు. లూదియా తన బుక్కులోంచి రెండు వందల పైచిలుకు లెక్కలు, ఎనభై ఏడో నంబరు మీద, మొగుడి పేరు కింద ఎక్కించింది. ఎందుకు ఎక్కించావని తర్వాత నరేంద్ర అడిగితే, "రైతులు ఏం పాపం చేసినారు?" అంది. ఒక్కోసారి మంచితనం కూడా తెలివితక్కువగానే ఉంటుంది.

ఆ ఎండాకాలం బాగా మండింది. వోల్టేజీ పడిపోయింది, మోటార్లు వరసగా కాలాయి. ఫోరం తెరిచి, లెక్క చూసి, చుట్టి, బిగించి, స్విచ్చి వేసిన వాళ్లకు మళ్లీ కాలాయి. పాణ్యంలో ఒకే మోటారు మూడుసార్లు కాలింది. ప్యాపిలిలో ఒకటి కాలలేదు గానీ గంటసేపు తిరిగి గుక్కెడు నీళ్లు కూడా పైకి తేలేదు. అంతకుముందు ఎవడి అబద్ధం వాడి బుక్కులోనే ఉండేది, వాడికొక్కడికే దాని విరుగుడు తెలిసేది. ఇప్పుడు సన్నాయి మేళంతో అందరి అబద్ధాలూ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. ఏడు తగ్గించినవాడు ఐదు పెంచినవాడిని నమ్మాడు.

తాను వేసిన తాళం ఇంకొకడి మోటారు కాల్చిందని ప్రతి ఒక్కడికీ తెలుసు. ఇంకొకడి తాళం తన మోటారు కాల్చిందనీ తెలుసు. నోరు విప్పితే మొదటిది కూడా బయటికొస్తుంది. కాబట్టి అత్యవసర సమావేశం పెట్టి, నిందను సాఫ్ట్‌వేర్ మీద వేశారు.

"నేను నలభై ఆరు కొట్టింటే దాంట్లో ముప్పై తొమ్మిది పడిందప్పా! కంప్యూటరే మింగేసింది ఏడు" అన్నాడు నరసింహులు మేస్త్రీ, గడియారం తిరిగివ్వకుండానే.

హర్షకు మోటారు గురించి ఏమీ తెలియదు. కస్టమరు తప్పంటే తప్పే అన్నది అతని వ్యాపార సూత్రం. తల వంచి, "బగ్ అన్నా, ఫిక్స్ చేస్తాం" అన్నాడు. వారం తర్వాత అంకెలు ఇంతకు ముందుకన్నా లావుగా కనిపించాయి. లెక్కలు అవే.

అయితే ఎంత గుడ్డివాడికైనా కాలిన వేలు దారి చూపిస్తుంది. ఎనభై ఏడో నంబరు లెక్కతో చుట్టిన మోటారు ఒక్కటీ మళ్లీ కాలలేదని ఒక్కొక్కరే కనిపెట్టారు. ఎవరూ పైకి అనలేదు, గమ్మున ఆ లెక్కలే వాడుకున్నారు. ఎనభై ఏడో నంబరు మీద లెక్క లేని మోటారు వస్తే సురేష్‌కు ఫోన్ చేశారు. సురేష్ బోరు దగ్గర పైపులు పట్టుకుని ఉండేవాడు. "ఇంటికాడ లూదియా వుండాది, ఆమెనడుగు" అంటే, "నువ్వే కనుక్కోని చెప్పన్నా" అనేవారు.

జూన్ నెల మొదట్లో ఆదిశేషయ్య కారు ఆళ్లగడ్డ షాపు ముందు ఆగింది. పక్కన నరేంద్ర, చేతిలో శాలువా కవరు. ఆ రోజు సురేష్ కూడా షాపులోనే ఉన్నాడు. ఆదిశేషయ్య స్టూలు తుడుచుకుని కూర్చున్నాడు.

"సురేషూ, సంఘం తీర్మానం చేసింది. ఫోరంలో వుండే లెక్కలన్నీ నువ్వు సరిజూసి, తప్పులు దిద్దల్ల. నిన్ను మోడరేటర్‌ను చేస్తాండాం. నీ పేరు పక్కన బంగారు నచ్చత్రం పెడ్తాడంట హర్ష."

సురేష్ చేతులకున్న గ్రీజు తుడుచుకుంటూ, "నాకు చుట్టడమే రాదు సావుకారన్నా" అన్నాడు. పన్నెండేళ్లలో మొదటిసారి ఎవరో అడిగినట్టు లెక్క కాబట్టి, ఆయన నిజం చెప్పాడు.

ఆదిశేషయ్య ఆశ్చర్యపోలేదు. అదే అసలు ఆశ్చర్యం. "అది అందరికీ తెల్సు లేప్పా. పని ఆయమ్మ చేస్తాది, పేరు నీది వుంటాది. ఇంట్లో మాటే గదా, ఏం మునిగిపాయ?"

బల్ల దగ్గర లూదియా చేతిలో తీగ ఆగింది. నూటా అరవై మందీ తెలియక 'సురేషన్నా' అంటున్నారని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. తెలిసే అంటున్నారు.

"అందరికీ తెల్సునా అన్నా?"

"తెలీకేమమ్మా. బనగానపల్లె ఆయప్ప చూసిపోయి చెప్పలా? కానీ మగోళ్లు గదా, రొంత మొహమాటం. ఆడమనిషిని అడిగినామంటే బజార్లో ఎట్లుంటాది?"

"అయితే నన్ను మెంబరుగా చేర్చుకోండి. నా పేరు మీద అకౌంటు ఇయ్యండి. అన్నీ దిద్దుతా."

"షాపుకొకటే మెంబర్‌షిప్ అమ్మా. రూలు. సాఫ్ట్‌వేర్ గూడా ఒప్పుకోదు."

"ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏరుకొనింది మీరే గదన్నా."

ఆదిశేషయ్య శాలువా కవరు మోకాలి మీద పెట్టుకుని, "కావాలంటే 'సురేష్ దంపతులు' అని రాపిస్తా" అన్నాడు. గొప్ప రాయితీ ఇచ్చినట్టు నరేంద్ర వైపు చూశాడు. నరేంద్ర నేల వైపు చూశాడు.

లూదియా చేతులు కడుక్కుని వచ్చి ఫోను తీసింది. "నరేంద్రా, ఈ జవాబుల కింద పేరు మార్చనీకి అయితాదా?"

"కాదక్కా. దీంట్లో నంబరుకు కట్టిన పేరే."

"తీసెయ్యనీకి?"

నరేంద్ర ఆదిశేషయ్య వైపు ఒకసారి చూసి చెప్పాడు. "తీసెయ్యొచ్చు. ఎవురు రాసింది వాళ్లు తీసెయ్యొచ్చు. కాపీ గూడా వుండదు, హర్ష పెట్టలేదు."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని, మొదటి లెక్క తెరిచి, తీసేసింది. రెండోది తెరిచింది. ఆదిశేషయ్యకు అర్థం కావడానికి ఐదో ఆరో పట్టాయి. ఎండాకాలం ఇంకా పోలేదు, తీగ అమ్మకాలన్నీ ఆ లెక్కల మీదే నడుస్తున్నాయి.

"ఏందమ్మా నువ్వు చేసేది? అది సంఘం ఆస్తి!"

"నేను సంఘంలో మెంబర్నే కాదు గదన్నా" అంది లూదియా, తలెత్తకుండా.

"సురేషూ, చెప్పప్పా నీ పెండ్లానికి!"

"ఆమె లెక్కలు ఆమె తీసుకుంటాంది. నేనేం చెప్పల్ల?" అని సురేష్ పైపులు లాగే పని ఉందని జీపెక్కి పోయాడు. ఆయన జీవితంలో అంత సమయస్ఫూర్తి అదే మొదలు.

రెండు వందల చిల్లర లెక్కలు తీయడానికి గంట పైనే పట్టింది. ఆదిశేషయ్య సగంలోనే లేచి కారెక్కాడు, శాలువాతో సహా. నరేంద్ర మాత్రం బస్సులో వస్తానని ఆగిపోయాడు. చివరి లెక్క తీసేశాక లూదియా నోటుబుక్కు తెరిచి అతని ముందు పెట్టింది. "నీ పాస్‌బుక్కు సాఫ్ట్‌వేర్ ఇంగా వుండాదా?"

నరేంద్ర వారంలో దాన్ని నిలబెట్టాడు. సంఘం పేరు లేదు, తామరపువ్వు లేదు, సన్నాయి లేదు. నియమం ఒక్కటే, అది లూదియా పెట్టింది: లెక్క అడిగేవాళ్లయినా చెప్పేవాళ్లయినా సొంత పేరు, ఊరు రాయాలి. మొదటి అకౌంటు 'లూదియా, ఆళ్లగడ్డ'. తన రెండు వందల లెక్కలు మళ్లీ కొట్టింది, ఈసారి ఒక్కోదాని కింద తన పేరు చూసుకుంటూ. చర్చికి పోయేటప్పుడు కట్టుకునే చీరను మడత పెట్టినంత నింపాదిగా కొట్టింది.

మెకానిక్కులు వచ్చారు. రాకేం చేస్తారు? అయితే ఎలా వచ్చారో చూడాలి. 'పాణ్యం పులి' అని ఒకడు, 'కాపర్ కింగ్' అని ఒకడు, 'మీ శ్రేయోభిలాషి' అని మరొకడు. ఏళ్ల తరబడి ఒక ఆడమనిషి చేత పేరు లేకుండా పని చేయించుకున్నవాళ్లకు, ఆమెను పేరు పెట్టి అడగాల్సి వచ్చేసరికి సొంత పేర్లు మాయమయ్యాయి. నరేంద్ర వాళ్లను ఒక్కొక్కరినే బయటికి పంపాడు. బజార్లో గొణుక్కున్నారు. ఆమెకు పొగరెక్కిందన్నారు. ఆదిశేషయ్య ఫోరంలో ఉండి చూశారు. అక్కడ ఇప్పుడు రోజూ కేకులు మాత్రం తాజాగా వస్తున్నాయి.

ఆషాఢంలో 'ప్యాపిలి స్టార్' అనే పేరుతో ఒకరు పదిహేను హెచ్‌పీ మోటారు ఫోటో పెట్టారు. రైతు గొంతు మీద కూర్చున్నాడు, వేరుశనగ ఎండుతోంది, బిరీన చెప్పండి అని రాశారు. ఆ మోటారు లెక్క లూదియా దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదు. ఆమె చదివింది, ఈ ఒక్కడిని బయటికి పంపొద్దని నరేంద్రకు చెప్పింది, బుక్కులో ఆ పేజీ తీసి పెట్టుకుంది, జవాబు రాయలేదు. పొద్దున పెట్టిన ప్రశ్న సాయంత్రానికి అలాగే ఉంది. సురేష్ రెండుసార్లు అడిగాడు, "రాయగూడదా మేయ్, రైతు గదా?" అని.

"వాని పేరు రాయమను. పేరు రాసేదానికి వాని వేళ్లు అరిగిపోవు."

మర్నాడు పది గంటలకు ఆ ప్రశ్న మీది పేరు మారింది. 'గంగాధర, ప్యాపిలి'. కింద ఒక వాక్యం కొత్తగా చేరింది: 'లూదియక్కా, రొంత చెప్పు.'

నాలుగు నిమిషాల్లో జవాబు వెళ్లింది.

'స్లాటుకు పద్ధెనిమిది చుట్లు. రెండు తీగలు కలిపి చుట్టు. కాలిన కాయిలు పారెయ్యాకు, నువ్వు గూడా ఒగసారి లెక్కపెట్టుకో. లూదియా, ఆళ్లగడ్డ.'